పాఠకుల ప్రశ్నలు: బీడులో వదిలిన గుర్రం బయటికి పోకుండా

ప్రశ్న: డాక్టరుగారికి నమస్కారం. మాది అనంతపురం జిల్లా. పదిహేనేళ్ళుగా బెంగళూరులోని యలహంకలో ఉంటున్నాము. పరుగు పందేల నుంచి విరమించిన తొమ్మిదేళ్ళ ఆడగుర్రాన్ని మా అమ్మాయి స్వారీ కోసం కొని, దొడ్డబళ్ళాపుర దారిలో నెలవారీ రుసుము తీసుకుని ఇతరుల గుర్రాలను పోషించే ఒక లాయంలో ఉంచాము. గడచిన రెండు నెలల్లో అది రెండుసార్లు రాత్రివేళ బీడులో నుంచి బయటపడింది. మొదటిసారి పక్క రైతు రాగిచేనులో, రెండోసారి తారురోడ్డు మీద దొరికింది. కంచెకు మరో రెండు వరుసల ముళ్ళతీగ కట్టిస్తే సరిపోతుందని లాయం యజమాని అంటున్నారు. ఎవరో కావాలనే గేటు తీశారేమోనని మాకు అనుమానంగా ఉంది. గట్టిగా అడిగితే సంబంధం చెడుతుందేమోనని వెనకాడుతున్నాము. ఏం చేయమంటారు? – ఒక పాఠకురాలు, యలహంక.

సమాధానం: అమ్మా, ముందు ఆ ముళ్ళతీగ పని ఆపించండి. ఆవులు, గేదెలు ముల్లు గుచ్చుకోగానే వెనక్కి తగ్గుతాయి గాని గుర్రం అలా చేయదు. బెదిరినప్పుడు పరుగెత్తడమే దాని ప్రాణరక్షణ. కాలు తీగలో చిక్కితే ఆగి విడిపించుకోవడానికి బదులు మరింత బలంగా లాగుతుంది, అప్పుడు చర్మంతో పాటు నరాలు, కండరబంధాలు కూడా తెగిపోతాయి. నా వృత్తి మొదటి రోజుల్లో బెంగళూరు శివార్లలోని ఒక లాయంలో, దీపావళి టపాకాయల చప్పుడుకు బెదిరి ముళ్ళతీగలోకి దూసుకుపోయిన ఒక గుర్రానికి తెల్లవారేవరకు కుట్లు వేశాను. ముందరి కాలి బంధం పూర్తిగా తెగిపోవడం వల్ల అది బతికినా మళ్ళీ సరిగా నడవలేదు. ఆ రాత్రి తర్వాత గుర్రాలు తిరిగే చోట ముళ్ళతీగను నేను ఒప్పుకోవడం మానేశాను.

మన ప్రాంతంలో కంచె అంటే సాధారణంగా రాతి కూసాలు పాతి వాటికి తీగ బిగించడమే. కూసాలు మంచివే, చెద పట్టవు, తరాలపాటు నిలుస్తాయి. అయితే ఆ తీగను చాలాచోట్ల కూసానికి బయటివైపున కడతారు. అవతలి గడ్డి కోసం గుర్రం మెడ సాచి ఒరిగినప్పుడల్లా ఆ బరువంతా కట్టుతీగ మీద పడి, ఒక్కొక్క ముడి ఊడిపోతుంది. అడ్డాలను గుర్రం ఉండే వైపు, అంటే కూసానికి లోపలివైపున బిగిస్తే అది ఎంత నెట్టినా అడ్డం కూసానికే ఆనుకుంటుంది, పరుగులో భుజం కూసానికి కొట్టుకోకుండానూ ఉంటుంది. ముళ్ళతీగకు పెట్టబోయే డబ్బుతోనే నీలగిరి వాసాలో సర్వి వాసాలో తెప్పించి, కనీసం రోడ్డు వైపునైనా మూడు వరుసలు ఈ పద్ధతిలో కట్టమని అడగండి. పై వరుస నాలుగున్నర నుంచి ఐదు అడుగుల ఎత్తులో ఉండాలి. మగ గుర్రాలున్న బీడుకైతే ఇంకా ఎత్తు కావాలి. వాసాలు కుదరని వైపున, దూరం నుంచే కనబడే వెడల్పాటి తెల్లని పట్టీ కట్టించండి. గుర్రానికి ఇంచుమించు 350 డిగ్రీల చుట్టుచూపు ఉన్నా, తుప్పు పట్టిన సన్నని తీగను మసకచీకటిలో పరుగెడుతూ గుర్తించలేదు.

ఇక అసలు విషయానికి వస్తాను. మీ గుర్రం కంచె దాటిందా, గేటులో నుంచి వెళ్ళిందా అన్నది మీ ఉత్తరంలో లేదు. పగటిపూట వెళ్ళి కంచె పొడవునా నడవండి. దాటి ఉంటే పై తీగ వంగి ఉంటుంది, ముడుల దగ్గర వెంట్రుకలు చిక్కి ఉంటాయి, గుర్రం ఛాతీ మీదో తొడల మీదో గీతలు కనబడతాయి. ఆ గుర్తులేవీ లేకపోతే గేటునే అనుమానించాలి. నేను చూసిన తప్పింపుల్లో ఎక్కువ భాగం గేటు దగ్గర జరిగినవే, వాటిలోనూ చాలావాటికి మనుషుల దురుద్దేశం కారణం కాదు. జారుడు గడియను పెదవులతో తీయడం కొన్ని గుర్రాలు వారం రోజుల్లో నేర్చుకుంటాయి. మరికొన్ని గేటు అడుగు కమ్మీ కింద తల దూర్చి పైకెత్తుతాయి. గేటును తగిలించిన కొక్కేలు రెండూ పైకి చూస్తూ ఉంటే గేటు మొత్తం ఊడి వచ్చేస్తుంది. పై కొక్కేన్ని తలకిందులుగా, కొన కిందికి చూసేటట్లు వెల్డింగ్ చేయిస్తే ఆ గేటును గుర్రమూ ఎత్తలేదు, దొంగా ఎత్తలేడు. గంట పని. గడియకు తోడు గుర్రం మూతికి అందని చోట ఒక గొలుసు, దానికి తాళంకప్ప ఉండాలి. గేటు బీడులోపలికి తెరుచుకుంటే, సైసు, అంటే గుర్రాలను చూసుకునే పనివాడు, ఒక గుర్రాన్ని తీసుకుపోతున్నప్పుడు మిగిలినవి తోసుకుని బయటికి రావడం కష్టమవుతుంది.

తాళం వేయడంలో ఒక ఇబ్బంది ఉన్నది. అర్ధరాత్రి గడ్డివాముకు నిప్పు అంటుకున్నా, గుర్రానికి కడుపునొప్పి వచ్చినా తాళంచెవి దొరకక గేటు తెరవలేకపోతే, దొంగ భయం కంటే పెద్ద నష్టం జరుగుతుంది. అందుకని ఒక తాళంచెవి రాత్రి కావలి మనిషి దగ్గర, మరొకటి లాయంలో అందరికీ తెలిసిన చోట ఉండాలి. ఎవరెవరి దగ్గర ఎన్ని ఉన్నాయో రాసి పెట్టుకోవాలి. పని మానేసి వెళ్ళిన సైసు దగ్గర చెవి ఉండిపోతే ఆ తాళంకప్పనే మార్చేయాలి. ముఖపట్టాలను గేటుకు తగిలించి వదిలేసే అలవాటు మన లాయాల్లో అంతటా ఉంది. దొంగకు గుర్రాన్ని నడిపించుకుపోయే సాధనాన్ని మనమే అందించినట్లవుతుంది. బీడులో వదిలిన గుర్రానికి ముఖపట్టా ఉంచడం కూడా మంచిది కాదు, కొమ్మకో కూసానికో తగులుకుని మెడ ఇరుక్కుంటుంది.

మీ గుర్రం ఎందుకు వెళుతున్నదన్నది వీటన్నిటికంటే ముఖ్యమని నేననుకుంటాను. పందెపు గుర్రం బతుకులో రోజుకు ఇరవై గంటలకు పైగా లాయపు గదిలోనే గడుస్తుంది. విశాలమైన బీడు, రాత్రి చీకటి, చుట్టూ నక్కల ఊళలు, కుక్కల అరుపులు దానికి కొత్త. అటువంటి గుర్రాన్ని ఒంటరిగా వదిలితే తోడును వెతుక్కుంటూ పోతుంది. లాయంలో మిగిలిన గుర్రాలు ఎన్ని ఉన్నా సరే, రాత్రి అది ఎవరితో ఉంటున్నదో, వాటి మధ్య దాన్ని తరిమే గుర్రం ఏదైనా ఉందో అడగండి. బీడు మూలలు ఇరుకుగా ఉంటే బలమైన గుర్రం బలహీనమైనదాన్ని అక్కడికి తరిమి, కంచె మీదుగా దూకించేస్తుంది. ఆ మూలలకు అడ్డంగా వాసాలు కట్టి గుండ్రంగా చేస్తే ఆ బెడద తగ్గుతుంది. బీడులో గడ్డి అయిపోయి అవతల రాగి పచ్చగా ఊగుతున్నప్పుడు ఏ గుర్రమైనా ఆ వైపే చూస్తుంది కాబట్టి, వేసవిలోనూ కోతలకు ముందూ రాత్రి మేతగా ఎండుగడ్డి బీడులోనే వేయించండి. కొన్ని వారాల పాటు చిన్న ఆవరణలో, నెమ్మదైన ఒక గుర్రంతో జతగా ఉంచి, పగటిపూట పగ్గం పట్టుకుని కంచె వెంట రెండు మూడుసార్లు తిప్పి చూపించిన తర్వాతే పెద్ద బీడులో వదలమనండి. అంతవరకు రాత్రిళ్ళు లాయంలోనే కట్టేయడం క్షేమం.

రాగిచేనులో మేసి వచ్చినప్పుడు కంకులు ఎక్కువగా తిన్నదేమో గమనించారా? ధాన్యం ఒక్కసారిగా కడుపులో పడితే శూల వస్తుంది, రెండు మూడు రోజుల్లో గిట్టల్లోపల వాపు, అంటే ల్యామినైటిస్, రావచ్చు. గిట్టలు వేడిగా ఉన్నా, బరువంతా వెనక కాళ్ళ మీద వేసి నిలబడినా ఆలస్యం చేయకుండా పశువైద్యుణ్ణి పిలవండి. ఆ రైతుకు జరిగిన నష్టం కూడా అడిగి తీర్చండి. 1871 నాటి పశువుల అతిక్రమణ చట్టమే గుర్రాన్ని పశువుల్లో చేర్చింది; చేనులో పడిన గుర్రాన్ని బందెలదొడ్డికి తోలే హక్కు మన పల్లెల్లో కొత్తది కాదు.

దొంగతనం భయానికి గుర్తింపే మందు. మెడ ఎడమవైపు వేసే మైక్రోచిప్‌లో 15 అంకెల సంఖ్య ఉంటుంది. మీది థరోబ్రెడ్, అంటే పందెపు జాతి గుర్రం కాబట్టి, ఆ జాతి గుర్రాలను నమోదు చేసే పుణేలోని స్టడ్ బుక్ అథారిటీ ఆఫ్ ఇండియా పత్రాలు మీ చేతికి వచ్చాయో లేదో చూసుకోండి. నాలుగు వైపుల నుంచీ ఫోటోలు తీసి, నుదుటి మీద, మెడ మీద ఉన్న సుడులను దగ్గరగా కూడా తీయండి. పూర్వులు సుడులలో శుభాశుభాలు చూసేవారు. నేను వాటిని వేలిముద్రల్లా చూస్తాను, ఎందుకంటే ఏ రెండు గుర్రాలకూ అవి పూర్తిగా ఒకేలా ఉండవు, రంగు వేసినా చెరగవు.

యజమానితో మాట్లాడడానికి మీరు వెనకాడవలసిన పని లేదు. రోడ్డు మీదికి వచ్చిన గుర్రాన్ని మోటారుసైకిలు ఢీకొంటే పోయేది మనిషి ప్రాణం. తన అధీనంలో ఉన్న జంతువు వల్ల మనుషులకు ప్రమాదం కలగకుండా జాగ్రత్త పడనివారికి భారతీయ న్యాయ సంహిత 291వ సెక్షన్ ఆరు నెలల వరకు జైలు, 5,000 రూపాయల వరకు జరిమానా, లేదా రెండూ విధిస్తుంది. ఆ అధీనం రాత్రివేళ మీది కాదు, వారిది. ఉదయం, సాయంత్రం తలలు లెక్కపెట్టేది ఎవరు, కంచె చుట్టూ వారానికోసారి నడిచేది ఎవరు, గుర్రం తప్పిపోతే ముందు ఎవరికి ఫోన్ చేస్తారు అన్న మూడు సంగతులను ఒప్పంద పత్రంలో రాయించుకోండి. బాధ్యత తెలిసిన యజమాని ఇందుకు నొచ్చుకోడు.

ప్రశ్న: హొసకోట దగ్గర మా తోటలో రెండు గుర్రాలున్నాయి. సౌరశక్తి కరెంటు కంచె వేయించాలనుకుంటున్నాము. చుట్టుపక్కల పిల్లలు తిరుగుతారు, ప్రమాదమా? – ఒక పాఠకుడు, కృష్ణరాజపురం.

సమాధానం: అంతర్జాతీయ విద్యుత్ భద్రతా ప్రమాణం ఐఈసీ 60335-2-76కు తగిన, కంచెకు దెబ్బల రూపంలో కరెంటు పంపే ఎనర్జైజర్‌తో వేయిస్తే, అది సుమారు సెకనుకొకసారి, సెకనులో అతి స్వల్ప భాగం మాత్రమే ఉండే దెబ్బ ఇస్తుంది, ఉలిక్కిపడేటట్లు చేస్తుంది గాని ప్రాణం తీయదు. ఇంటి కరెంటును నేరుగా తీగకు కలిపితే మాత్రం అది హత్యతో సమానం, నేరం కూడా. ముళ్ళతీగకు ఎనర్జైజర్ కలపడమూ తగదు. కన్నడం, తెలుగు రెండింటిలోనూ హెచ్చరిక బోర్డులు పెట్టండి. మన ఎర్రనేల మార్చి నుంచి మే వరకు ఎండి గట్టిపడుతుంది, అప్పుడు భూమిలో నుంచి కరెంటు తిరిగి రాక కంచె ఊరికే నిలబడి ఉంటుంది. కనీసం మూడు ఎర్త్ కడ్డీలు లోతుగా దింపి, వాటి దగ్గర తడి ఉండేటట్లు చూడండి. వానాకాలంలో ఇందుకు భిన్నంగా, ఎదిగిన గడ్డి పట్టీకి తగిలి బలం లాగేస్తుంది. రోజూ కరెంటు కంచెల కోసమే చేసిన టెస్టర్‌తో చివరి కూసం దగ్గర కొలిచి, 3,000 వోల్టులకు తగ్గకుండా చూసుకోవాలి. బయటి సరిహద్దుకు ఇదొక్కటే చాలదు, వెనక గట్టి కంచె ఉండాలి.

ప్రశ్న: బీడు చుట్టూ గన్నేరు చెట్లు దడిగా పెంచవచ్చా? త్వరగా ఎదుగుతాయి, మేకలు కూడా ముట్టవు. – ఒక పాఠకురాలు, హెబ్బాళ.

సమాధానం: వద్దు. మేకలు ముట్టకపోవడానికి కారణం ఆ విషమే. గన్నేరు, పచ్చగన్నేరు రెండింటిలోనూ గుండెను ఆపే విషం ఉంది. కొద్దిపాటి ఆకులే గుర్రానికి ప్రాణాంతకం. పచ్చి ఆకు చేదుగా ఉండడంతో గుర్రం చాలావరకు ముట్టదు గాని, కత్తిరించి పడేసిన కొమ్మలు ఎండిన తర్వాత గడ్డితో కలిపి తినేస్తుంది. లాంటానా పొదలనూ ఉంచవద్దు. దడి కావాలంటే కంచెకు బయటివైపున మందార వేసుకోండి. ఉన్న గన్నేరును నరికించేటప్పుడు గుర్రాలను వేరే చోట కట్టి, రాలిన ఆకులు ఊడ్పించి, కొమ్మలన్నిటినీ అదే రోజు తోట దాటించండి. పొగ కూడా విషమే కాబట్టి అక్కడ తగలబెట్టించవద్దు.