గడుసు అనే మాట గురించి

చిరంజీవికి,

నీ కథ అందింది, రెండుసార్లు చదివాను. కథానాయికను నాలుగు చోట్ల 'గడుసు పిల్ల' అన్నావు. కథంతా తిరగేసినా ఆ పిల్ల చేసిన గడుసు పని ఒక్కటీ కనపడలేదు. అందుకే ఈ ఉత్తరం.

గడుసు తమాషా మాట. మెప్పూ అందులోనే ఉంది, చురకా అందులోనే ఉంది. అమ్మమ్మ మనవరాలి బుగ్గ గిల్లి 'గడుసుదానివే!' అంటే మురిపెం. అదే మాట కొత్త కోడలి గురించి గొంతు తగ్గించి అంటే నింద. కాబట్టి అది ఎవరి నోట వస్తుందో ముందు తేల్చుకో. నీ కథలో కథకుడే అంటున్నాడు, అందుకే చప్పగా ఉంది. ఇంకో సంగతి: ఆ పనే మగపిల్లాడు చేస్తే 'చురుకైనవాడు' అనేసి ఊరుకుంటాం. మన ఈ పక్షపాతం రాసేవాళ్ళకి భలే పనికొస్తుంది. పాత్ర నోట ఈ మాట పెడితే ఆ మనిషి బుద్ధి కూడా బయటపడుతుంది.

చుట్టపు మాటలతో కలిపెయ్యకు. చొరవలో 'చొరడం' ఉంది, పిలవకపోయినా ముందుకు రావడం. తెగువలో 'తెగడం' ఉంది, ఏమైతే అయిందని దూకడం. గడుసువాళ్ళు అలా దూకరు. ఏ తలుపు ఎలా తెరుచుకుంటుందో వాళ్ళకి తెలుసు, తెలుసన్న ధీమా కూడా ఉంటుంది. ఆ ధీమా తీసేస్తే మిగిలేది వట్టి తెలివి. అవతలివాణ్ణి ముంచితే జిత్తులమారితనం. (గడుగ్గాయిని పిల్లలకి వదిలెయ్.)

కన్యాశుల్కం 1909 నాటి ప్రతిలో చివరి అంకం చూడు. వేశ్యల పొడ గిట్టని సౌజన్యారావు పంతులి ఇంటికి మధురవాణి మగవేషంలో వెళ్తుంది. ఆమె ఎలాంటిదో ఆ వెళ్ళడంలోనే తెలిసిపోతుంది. గిరీశానిదీ తెలివే గానీ, నోరు కట్టేస్తే పెద్దగా ఏమీ మిగలదు.

నీ మూడో పేజీలో గుమస్తా 'రేపు రా' అనగానే ఆ పిల్ల ఇంటికొచ్చేసింది. ఎందుకొస్తుంది? కుర్చీ లాక్కుని కూర్చుని, 'రేపు ఎన్నింటికండీ? ఈ కాగితం మీద రాసి సంతకం పెట్టివ్వండి' అంటుందేమో. అది రాయి. నాలుగు గడుసుల్లో మూడు కొట్టేసి, నాలుగోది ఆ గుమస్తా నోట పెట్టి మళ్ళీ పంపు.

ఆశీస్సులతో.