ఈబుక్‌లో తెలుగు ఫాంటు ఎంబెడ్ చెయ్యాలా? శీర్షికల వరకే చాలు

ప్రింటు పుస్తకంలో వాడిన ఫాంటే ఈపబ్ అనే ఈబుక్ ఫైలులోనూ కనిపించాలి, పాత ఈ-రీడర్లలో వత్తులు విడిపోకూడదు, అందుకని ఫాంటును ఎంబెడ్ చేస్తే, అంటే ఫాంటు ఫైలును పుస్తకంలోనే పెడితే, వచ్చే ఇబ్బందులేంటని అడిగారు.

ముందు వత్తుల సంగతి. అవి విడిపోతుంటే ఫాంటు ఎంబెడ్ చేసినా ఒరిగేదేమీ లేదు. అక్షరాల బదులు ఖాళీ డబ్బాలు కనిపిస్తే ఆ పరికరంలో తెలుగు ఫాంటు లేదన్నమాట, దానికి ఎంబెడ్ చెయ్యడం మందే. కానీ ‘స్త్రీ’ కాస్తా ‘స్‌త్‌రీ’ అని విరిగి కనిపిస్తే తప్పు ఫాంటుది కాదు. తవత్తు ఎక్కడ కూర్చోవాలి, క్రావడి ఎటు తిరగాలి, గుడిదీర్ఘం దేనికి అతకాలి అన్న నియమాలు ఫాంటు లోపల జీసబ్, జీపాస్ అనే పట్టికల్లో ఉంటాయి. వాటిని చదివి అమలు చేసేది రీడర్ యాప్‌లోని షేపింగ్ ఇంజన్, అంటే హార్ఫ్‌బజ్ లాంటిది. ఆ ఇంజన్ లేని పరికరానికి ఎంత మంచి ఫాంటిచ్చినా చెవిటివాడి ముందు శంఖం ఊదినట్టే.

ఇక సైజు తగ్గించడానికి చేసే సబ్‌సెట్, అంటే ఫాంటులో పుస్తకానికి అక్కర్లేని రూపాలను కోసేయడం. తెలుగు ఫాంట్లను ఎక్కువగా పాడుచేసేది ఇదే. యూనికోడ్‌లో తెలుగుకు కేటాయించింది 128 స్థానాలే, ఫాంటులో గ్లిఫ్‌లు, అంటే అక్షర రూపాలు, మాత్రం వందల్లో ఉంటాయి. గుణింతాలకూ వత్తులకూ విడివిడి రూపాలుంటాయి కదా, వాటిలో చాలావాటికి సొంత యూనికోడ్ సంఖ్య ఉండదు. పుస్తకంలోని అక్షరాల జాబితా చూసుకుని మిగతావన్నీ కోసేసే టూల్ వాడితే వత్తుల రూపాలన్నీ పోతాయి. ఫాంట్‌టూల్స్ అనే సాఫ్ట్‌వేర్‌లోని పైఎఫ్‌టీసబ్‌సెట్ టూల్ వాడండి. తెలుగు బ్లాకు మొత్తాన్నీ, లేఅవుట్ ఫీచర్లన్నిటినీ (పైన చెప్పిన పట్టికల్లోని నియమాలు) ఉంచమని చెప్పండి. యూనికోడ్‌లో 200సి, 200డి సంఖ్యలున్న రెండు కనిపించని అక్షరాలను కూడా జాబితాలో చేర్చండి. ‘ఫేస్‌బుక్’, ‘సాఫ్ట్‌వేర్’ లాంటి మాటల్లో పొల్లును పొల్లుగా నిలబెట్టేది 200సినే. నిజానికి కథల పుస్తకానికి సబ్‌సెట్ చేసి మిగిల్చేది కొన్ని వందల కేబీలు. అంతకోసం ఈ తలనొప్పి దేనికని నా అభిప్రాయం.

ఫాంటును గజిబిజి చేసి దాచే పద్ధతి ఒకటుంది, అబ్‌ఫస్కేషన్. ఫాంటు లైసెన్సు అడిగితే తప్ప దాని జోలికి పోకండి. ఈపబ్ ప్రమాణాలు తయారుచేసిన ఐడీపీఎఫ్ సంస్థ పద్ధతిలో పుస్తకం గుర్తింపు సంఖ్య నుంచి షా-1 అనే లెక్కతో 20 బైట్ల తాళంచెవి తయారవుతుంది. దాన్ని 52 సార్లు తిప్పి ఫాంటు ఫైలులోని మొదటి 1040 బైట్లను మార్చేస్తారు. ఆ తర్వాత ఎవరైనా ఈపబ్‌ను జిప్ ఫైలులా విప్పి, పుస్తకం వివరాలుండే ఓపీఎఫ్ ఫైలులో గుర్తింపు సంఖ్యగా ఐఎస్‌బీఎన్ పెట్టారనుకోండి, తాళంచెవి మారిపోతుంది, ఫాంటు తెరుచుకోదు. ఎర్రర్ ఏమీ కనిపించదు, రీడర్ చడీచప్పుడు లేకుండా తన ఫాంటు చూపిస్తుంది. కాబట్టి గుర్తింపు సంఖ్య ఖాయమయ్యాకే ఈ పని చెయ్యాలి.

శీర్షికలు కాక మిగతా పాఠానికి, అంటే బాడీ టెక్స్టుకు, ఎంబెడ్ చెయ్యొద్దనడానికి అసలు కారణం పాఠకుడు. కళ్లు సరిగ్గా ఆనని పెద్దవాళ్లు కాస్త లావు ఫాంటు ఎంచుకుని చదువుతారు. మీరు ప్రతి పేరాకూ ఫాంటు పేరు కట్టేస్తే కొన్ని యాప్‌లలో వాళ్లు మార్చుకున్నా మారదు. మారే యాప్‌లలో ఇంకో చిక్కు. మీ ఫాంటుకు సరిపోయేలా లైన్-హైట్ (లైను ఎత్తు) 1.2 అని పెట్టి ఉంటే, పాఠకుడు ఎంచుకున్న ఫాంటులో పై లైను వత్తులు కింది లైను తలకట్ల మీద పడతాయి. లైన్-హైట్ అసలు పెట్టకపోవడమే మేలు. పెట్టితీరాలంటే 1.5 లేదా 1.6 అని, పిక్సెళ్లు లేకుండా ఉత్త అంకె రాయండి.

ఒకే బరువులో దొరికే ఫాంట్లకు బోల్డ్ పెడితే రీడర్ తనే గీతలు లావు చేస్తుంది. మన గుండ్రటి అక్షరాల్లో లోపలి ఖాళీ పూడుకుపోయి చిన్న సైజులో థ, ధ ఒకేలా ఉంటాయి. ఇటాలిక్ సంగతి చెప్పక్కర్లేదు.

ప్రింటు ఫైలు డీటీపీలో వాడే ‘అను’ ఫాంట్లలో ఉంటే మాత్రం ఆ ఫాంటును ఎట్టి పరిస్థితుల్లోనూ ఎంబెడ్ చెయ్యకండి. అది యూనికోడ్ కాదు, లోపలున్నవి ఇంగ్లిష్ అక్షరాల కోడ్లు. ఫాంటు ఆపేస్తే పేజీ అంతా చెత్త కనిపిస్తుంది. ‘అమ్మ’ అని వెతికితే దొరకదు, చూపు లేనివాళ్లకు ఫోనులో చదివి వినిపించే టాక్‌బ్యాక్ దాన్ని చదవలేదు. ముందు యూనికోడ్‌కు మార్చి, ప్రూఫ్ దిద్దించాకే ఈపబ్ మొదలుపెట్టండి.

లైసెన్సు కూడా చూసుకోండి. విండోస్‌తో వచ్చిన గౌతమి మీ కంప్యూటర్లో ఉన్నంత మాత్రాన పుస్తకంలో పెట్టి పంచే హక్కు రాదు. నోటో సెరిఫ్ తెలుగు, రామభద్ర లాంటివి ఓపెన్ ఫాంట్ లైసెన్సులో ఉన్నాయి. శీర్షికలకు రామభద్ర బాగుంటుంది, అది ఎలాగూ లావుగానే ఉంటుంది కాబట్టి బోల్డ్ తీసేయండి.

శీర్షికలకు పెట్టేటప్పుడు ఫాంటు ఫైలును ఓపీఎఫ్‌లోని మ్యానిఫెస్టులో (ఫైళ్ల జాబితా) చేర్చడం మరవకండి, లేకపోతే ఈపబ్‌లో తప్పులు పట్టే ఈపబ్‌చెక్ తిప్పికొడుతుంది. యాపిల్ బుక్స్ కోసం ఓపీఎఫ్‌లో ‘స్పెసిఫైడ్ ఫాంట్స్’ను ట్రూ చెయ్యాలి. స్టైల్‌షీటులో ఫాంటు పేరు తర్వాత చివర్లో ‘సెరిఫ్’ అని రాసి ఉంచండి. అయ్యాక రీడర్‌లో పబ్లిషర్ ఫాంటు (మీరు ఎంబెడ్ చేసినది) ఒకసారి ఉంచి, ఒకసారి ఆపి, అక్షరాలను బాగా పెద్దవి చేసి ‘రాష్ట్రం, జ్ఞానం, లక్ష్మి, స్త్రీ, సాఫ్ట్‌వేర్’ ఉన్న పేజీలు చూడండి. ₹ గుర్తునూ చూడండి, 2010కి ముందు తయారై ఆపైన సవరించని ఫాంట్లలో అది ఉండదు.