ఆ కడుపునొప్పి నాటకం కాదండీ

"మా పాపకు ఏడేళ్లు. స్కూలు టైమయ్యేసరికి కడుపునొప్పి అంటుంది. ఇద్దరు డాక్టర్లు చూసి ఏమీ లేదన్నారు. బడి ఎగ్గొట్టడానికి ఆడే నాటకమా, లేక ఏదైనా భయమా?" అని అడిగారు.

నాటకం కాదు. మీ పాపను నేను చూడలేదు, అయినా గట్టిగానే చెబుతున్నా. బిడ్డ రోజూ ఒకే టైముకి కడుపు పట్టుకుంటోందంటే ఆ నొప్పి నిజంగానే ఉంది. పరీక్ష రోజు మనం రెండుసార్లు బాత్రూముకు పరిగెత్తలేదా? పిలకాయలకూ అంతే. కాకపోతే వాళ్ల నోటికి 'భయంగా ఉంది' అనే మాట రాదు, 'కడుపునొప్పి' వస్తుంది.

మాది నెల్లూరు జిల్లా కోవూరు దగ్గర. 2021 నవంబరులో పెన్నకు వచ్చిన వరద ఈ వైపు వాళ్లెవరూ మర్చిపోరు. పడుగుపాడు దగ్గర రైలు పట్టాల కింద కట్ట కొట్టుకుపోయింది, హైవే తెగింది. మా ఇంట్లోకి రాత్రిపూట మోకాళ్లెత్తు నీళ్లొచ్చాయి. మా వాడికప్పుడు ఆరేళ్లు. వాళ్ల నాన్న భుజాన వేసుకుని పక్కింటి మేడ మీదికి చేర్చాడు. వాడు ఏడవలేదు. 'భలే ధైర్యమబ్బా వీడికి' అని అందరం మురిసిపోయాం.

మరుసటి ఏడు అక్టోబరులో, మన వైపు వానలు పట్టే రోజుల్లో మొదలైంది. నిద్ర లేవగానే "మా, సోమశిల గేట్లు ఎత్తారా?" అంటాడు. సోమశిల అంటే మాకు ఎగువన పెన్న మీదున్న డ్యామ్. "లేదు నాయనా, ఏం కాదు" అంటాను. పళ్లు తోముకుంటూ మళ్లీ అదే. ఇడ్లీ తింటూ మళ్లీ అదే. ఒకరోజు లెక్కపెట్టాను, బడికి బయల్దేరేలోపు పద్నాలుగు సార్లు అడిగాడు. ఆటో హారన్ వినపడగానే కడుపునొప్పి.

నులిపురుగుల మాత్ర వేశాం. స్కానింగ్ తీయించాం. మా అత్త కసుమూరు దర్గాకు తీసుకెళ్లి తాయెత్తు కట్టించింది. దాన్ని నేను కాదనను, అది కట్టాక రెండు రోజులు వాడు కుదురుగానే ఉన్నాడు. నాకు కడుపు మండేది 'మగపిల్లోడివి, భయమేందిరా' అనే చుట్టాల మీద. వాళ్లా మాట అన్న రోజు నుంచి వాడు గేట్ల సంగతి అందరి ముందు అడగడం మానేసి, వంటింట్లోకి వచ్చి నా చెవిలో అడిగేవాడు. ఇక వాడు చదివే బడిలో వారం వారం ర్యాంకులు వాట్సాప్ గ్రూపులో పెడతారు. రెండో తరగతి పిలకాయలకు ర్యాంకులేందండీ! మార్కులు తగ్గాయని వాణ్ణి ఒక పీరియడంతా నిలబెట్టారు కూడా.

ఒకరోజు బ్యాగు పట్టీ తెగితే కుట్టడానికి తీశాను. అడుగున నల్ల కవరు, మూడు ముళ్లు వేసి ఉంది. విప్పితే ఒక జత బట్టలు, టార్చిలైటు, బిస్కెట్ ప్యాకెట్టు, వాళ్ల అవ్వ బీపీ మాత్రల షీటు. వరద రాత్రి ఆమె మాత్రలు నీళ్లలో పోయాయి, మేడ మీద రెండు రోజులు తల తిరుగుతోందని పడుకునే ఉంది. మేమెవరం మళ్లీ ఆ ఊసెత్తలేదు. వాడు మాత్రం ఎండ కాసే రోజు కూడా ఆ మూట బడికి మోసుకెళ్తున్నాడు. బ్యాగులో చెత్త నింపుతున్నావని నేను అంతకు ముందే రెండుసార్లు తిట్టాను. ఆ పూట చాలా ఏడ్చాను.

నెల్లూరు పెద్దాసుపత్రిలో మానసిక వైద్యం ఓపీకి తీసుకెళ్లాం. "మీరు 'ఏం కాదు' అన్న ప్రతిసారీ వాడికి కాసేపు ఊరట. ఆ ఊరట కోసమే మళ్లీ అడుగుతాడు" అన్నారు డాక్టరుగారు. పొద్దున ఒక్కసారి నిజం చెప్పి, ఆ తర్వాత ఎప్పుడడిగినా "నీకేమనిపిస్తోంది?" అని వాణ్ణే ఆలోచించనివ్వమన్నారు. మొదటి వారం నరకమే, చెప్పడం మాటలు కాదు. బడి మాత్రం మాన్పించొద్దన్నారు. ఇంట్లో ఉంచేస్తే ఆ పూటకు నొప్పి పోతుంది గానీ, మరుసటి రోజు బడి ఇంకా పెద్ద భయమై కూర్చుంటుంది. దీనికి మేమే సాక్ష్యం.

పెన్న భయానికి మెట్లు కట్టారు. ముందు ఫోన్లో ఏటి ఫోటోలు చూడటం. తర్వాత బస్సులో వంతెన దాటడం, మొదటిసారి నా చీర కొంగు నోట్లో పెట్టుకుని కళ్లు మూసుకున్నాడు. అదే బస్సు ఐదారుసార్లు ఎక్కాక కిటికీ దగ్గర కూర్చుంటానన్నాడు. ఆ తర్వాత గట్టు మీద నడక. ఒక మెట్టు వాడికి విసుగు పుట్టాకే ఇంకో మెట్టు. మూట లాక్కోవద్దన్నారు, వాడే ఒక్కొక్కటీ తీశాడు. మొదట మాత్రల షీటు తీసి అవ్వ చేతికిచ్చాడు. మందులేమీ రాయలేదు. నాలుగు నెలలు పట్టింది.

2023 డిసెంబరులో మిచౌంగ్ తుపాను బాపట్ల దగ్గర తీరం దాటకముందు మాకు కుండపోత. గేట్ల సంగతి ఒక్కసారే అడిగాడు. "నీకేమనిపిస్తోంది?" అన్నాను. కాసేపు ఆలోచించి "ఎత్తితే మైకులో చెప్తారులే మా" అని, టార్చి తీసుకెళ్లి అవ్వ దిండు పక్కన పెట్టి పడుకున్నాడు.

మీ పాపకు వరద భయం కాకపోవచ్చు. పక్కన కూర్చునే బిడ్డ కావచ్చు, టీచరు గొంతు కావచ్చు. బడి బాత్రూము కంపుకి పొద్దున నుంచి నీళ్లు తాగకుండా కూర్చునే ఆడపిల్లలు ఎంతమందో. ఎదురుగా కూర్చోబెట్టి ప్రశ్నలేయకండి, జడ వేసేటప్పుడు అడగండి, ముఖాలు ఎదురెదురుగా ఉండవు కాబట్టి చెప్తారు. నిద్రలోంచి లేపేంత నొప్పి, జ్వరం, బరువు తగ్గడం ఉంటే మాత్రం మళ్లీ పిల్లల డాక్టరు దగ్గరికే వెళ్లాలి. అవేవీ లేకుండా రెండు మూడు వారాలు ఇలాగే సాగితే మానసిక వైద్యుడికి చూపించండి. 'పిచ్చి డాక్టరు' అని ఎవరో అంటారని ఆగకండి, నేనలా ఆగి నా బిడ్డను రెండు నెలలు ఊరికే బాధపెట్టాను. వెళ్లే ముందు ఎవరితోనైనా మాట్లాడాలనుంటే మానసిక సమస్యలకు ప్రభుత్వం నడిపే ఫోన్ సాయం, టెలీ మానస్ నంబరు 14416 ఉంది. ఉచితం, రాత్రైనా పలుకుతారు, తెలుగులో మాట్లాడతారు.

ఒక సంగతి మీరు రాయలేదు. ఆదివారం పొద్దున కూడా నొప్పి అంటుందా? ఆదివారం సాయంత్రం ఎలా ఉంటుంది? రెండు వారాలు గమనించి ఇక్కడే రాయండి, నేను చూస్తుంటాను.