ముందు దాని గొంతు నేర్చుకో

చిరంజీవి వంశీకి,

మామయ్య దీవెనలు. నువ్వు పంపిన కుక్కపిల్ల ఫొటో చూశాం. ఆ చెవులు చూసి అత్తయ్య ఒకటే మురిసిపోయింది. ట్రీయింగ్ వాకర్ మంచి జాతి, చురుకైంది, పని త్వరగా పట్టుకుంటుంది. మా కెంటకీ రాష్ట్రానికి, లూయివిల్‌కి వచ్చి ఏడాది తిరగకముందే నీకు రకూన్ వేట మీద, అదే కళ్ల చుట్టూ నల్ల పట్టీ ఉండే ఆ జంతువుని రాత్రిపూట కుక్కతో వాసన పట్టించి చెట్టెక్కించే ఆట మీద, మనసు పోయిందంటే నాకు సంతోషంగానూ ఉంది, కొంచెం టెన్షన్‌గానూ ఉంది. ఫోన్లో చెబితే సగం గాలికి పోతుంది. అందుకే కూర్చుని రాస్తున్నా.

ఈ బౌలింగ్ గ్రీన్ పక్కన మేం ఇల్లు కట్టుకుని 27 ఏళ్లు. వేట నాకు నేర్పింది మా పక్క పొలం పెద్దాయన, పొగాకు రైతు. మొదటి రాత్రి నన్ను తీసుకెళ్లినప్పుడు ఆయన తుపాకీ తేలేదు. వాగు ఒడ్డున ట్రక్కు ఆపి, కుక్కని వదిలి, లైట్లన్నీ ఆర్పేసి, వెనక తలుపు దించి దాని మీద కూర్చోమన్నాడు. "ఇక విను" అన్నాడు. చలికి పళ్లు కొట్టుకుంటుంటే గంటకు పైగా అలాగే కూర్చున్నాం. ఇరవై నిమిషాల వరకు కప్పల చప్పుడు తప్ప ఏమీ లేదు. తర్వాత దూరంగా, లోయలోంచి ఒక్క పొడుగాటి కూత. ఆయన నా మోచెయ్యి పట్టుకున్నాడు. ఆ పట్టు నాకు ఇప్పటికీ గుర్తే.

నీకు నేను చెప్పదలచుకున్నదంతా ఆ ఒక్క మాటలోనే ఉంది. విను. కుక్క చీకట్లో అర కిలోమీటరు అవతల ఉంటుంది, నీకు కనపడదు. అది ఏం చేస్తోందో నీకు తెలియాలంటే దాని గొంతు తప్ప ఇంకో దారి లేదు. వాసన తగలగానే వేసే మొదటి కూత ఒకలా ఉంటుంది. జాడ పట్టుకుని పరిగెత్తేటప్పుడు ఇంకోలా. జాడ పాతదై ఆరిపోయి ఉంటే ఆగి ఆగి, అనుమానంగా అరుస్తుంది. తాజా జాడయితే కూతల మధ్య ఎడం తగ్గిపోతుంది. రకూన్ ఎక్కిన చెట్టు దొరికినప్పుడు మాత్రం ఒక దీర్ఘమైన కూత వేసి, ఆపైన రోట్లో దంచినట్టు ఆగకుండా మొరుగుతుంది. ముందు కాళ్లు మానుకి ఆనించి, తల పైకెత్తి, నువ్వు వచ్చేదాకా అలాగే. నీ వాకర్ జాతికి తుంచి తుంచి మొరిగే గొంతు ఎక్కువ, మా కుక్క భైరవది బ్లూటిక్ జాతి కాబట్టి సాగదీసే గొంతు. ఏ గొంతైనా ఫర్వాలేదు, నీకు ఎరుకగా ఉండాలి. రోజూ సాయంత్రం పెరట్లో కూర్చుని నీ పిల్ల అన్నానికి ఎలా అరుస్తుందో, పోస్ట్‌మ్యాన్‌ని చూసి ఎలా అరుస్తుందో వింటూ ఉండు. చదువు అక్కడే మొదలు.

ఈ పనికి ఇక్కడ ముఖ్యంగా ఆరు జాతులు పెంచుతారు: వాకర్, బ్లూటిక్, రెడ్‌బోన్, బ్లాక్ అండ్ ట్యాన్, ఇంగ్లిష్, ప్లాట్. ప్లాట్ కుక్కల పూర్వీకుల్ని 1750లో జర్మనీ నుంచి వచ్చిన ఒక కుటుంబం తెచ్చిందంటారు. నార్త్ కరోలినా 1989లో దాన్ని తన రాష్ట్ర శునకంగా ప్రకటించింది. టెన్నెసీ యూనివర్సిటీ ఫుట్‌బాల్ మ్యాచ్‌ల్లో 1953 నుంచీ పరిగెత్తే వాళ్ల గుర్తు కుక్క స్మోకీ కూడా మన బ్లూటిక్కే. ఏ జాతి గొప్పదన్న వాదనకి దిగకు, ఇక్కడి ముసలాళ్లు తెల్లారేదాకా వదలరు.

ఇప్పుడు అసలు నేర్పడం. నీ పిల్లకి నాలుగో నెలే కదా. ఏడెనిమిది నెలలు నిండేదాకా రాత్రి అడవికి తీసుకెళ్లొద్దు. ఇప్పుడు పేరు పెట్టి పిలిస్తే రావడం, తాడుతో నడవడం, బండెక్కడం, నీళ్లంటే భయం లేకపోవడం, ఇవి చాలు. తర్వాత అబద్ధమాడని పెద్ద కుక్క ఒకదానితో పది పదిహేను రాత్రులు తిప్పు. అంతకు మించి తిప్పితే పక్క కుక్క మొరిగినప్పుడల్లా తనూ మొరగడం అలవాటవుతుంది, సొంతంగా జాడ వెతకడం మానేస్తుంది. అందుకే ఆ తర్వాత ఒంటరిగా వదలాలి. మొదట్లో రెండు మూడు రాత్రులు ఏమీ దొరకదు. ఓపిక పట్టు.

అబద్ధం అన్నానే, అది చెబుతాను. చెట్టు కింద కుక్క మొరుగుతుంటే వెంటనే వెళ్లి తల నిమరాలనిపిస్తుంది. నిమరకు. ముందు దాన్ని తాడుతో పక్క చెట్టుకి కట్టు. లైటు వేసి కొమ్మ కొమ్మా వెతుకు. మసక లైటుతో మొదలుపెట్టు, తెల్ల వెలుగు నేరుగా పడితే రకూన్ మొహం తిప్పేసుకుంటుంది. రెండు కళ్లు పచ్చగా మెరిశాయంటే అప్పుడు వెళ్లి కుక్కని గుండెకి హత్తుకో, నీకు వచ్చినన్ని ముద్దు మాటలు చెప్పు. చెట్టు ఖాళీగా ఉంటే ఒక్క మాట కూడా లేకుండా నడిపించుకుని వచ్చెయ్. తిట్టకు, కొట్టకు, మెచ్చుకోకు. తొర్ర ఉన్న చెట్టయితే లోపల ఉందో లేదో మనకి తెలియదు, అప్పుడు దాని మాట నమ్మి ఒకసారి వీపు తట్టి వచ్చెయ్. ఖాళీ చెట్టు కింద జాలిపడి మెచ్చుకున్నావంటే కుక్క చెడింది నీ వల్లే. జింక వెంటో, ఒపోసమ్ అనే ఇంకో చిన్న అడవి జంతువు వెంటో పడిందా, ఆ జాడ మీద ఉండగానే గట్టిగా ఆపాలి. బటన్ నొక్కితే కుక్క మెడకి షాక్ ఇచ్చే కరెంటు కాలర్ ఇప్పుడే చేతికి తీసుకోవద్దని పెద్దాయన నాకు రెండేళ్లు చెప్పాడు, నీకూ అదే చెబుతున్నా. కుక్క దేని వెంట ఉందో నీకు ఖాయంగా తెలియనప్పుడు నొక్కితే, మంచి జాడ మీద ఉన్న కుక్కని శిక్షించినట్టవుతుంది.

తుపాకీ సంగతి. నీది హెచ్1బి. ఈ వీసాల మీద ఉన్నవాళ్లు తుపాకీ దగ్గర పెట్టుకోవడం ఫెడరల్ చట్టం ప్రకారం నేరం. రాష్ట్రం ఇచ్చిన హంటింగ్ లైసెన్సు ఉంటే మినహాయింపు ఉంది గానీ, దాన్ని నమ్ముకునే ముందు లాయరుని అడుగు. నా మాట వింటే అసలు ముట్టుకోకు. నేను చంపడం మానేసి చాలా ఏళ్లయింది. రకూన్ తోలుకి ఇప్పుడు పెద్ద ధర లేదు, చెట్టు మీద చూసి, కుక్కని మెచ్చుకుని, రకూన్‌ని వదిలేసి రావడమే నా వేట. ఇక్కడ చాలామంది అంతే. అయినా లైసెన్సు కావాలి. కెంటకీలో 1975 జనవరి 1న గానీ తర్వాత గానీ పుట్టినవాళ్లు హంటర్ ఎడ్యుకేషన్ కోర్సు చెయ్యాలి, వెంటనే చేసెయ్. పొలం యజమానిని పగటి పూట, నీ మొహం కనపడేలా వెళ్లి అడుగు. కుక్కకి కంచె తెలియదు కాబట్టి పక్క పొలం వాళ్లనీ అడుగు. అర్ధరాత్రి ఎవరి చేలోనో లైటుతో తిరిగే కొత్త మనిషిని చూస్తే ఎవరికైనా భయమే, భయపడ్డవాడి ఇంట్లో ఇక్కడ తుపాకీ ఉంటుంది. ఇంకో మాట. వేటగాళ్లు దీన్ని "కూన్" అంటారు, మన కుక్కకూన లాగే వినిపిస్తుంది. నల్లవాళ్లని హీనపరచడానికి వాడిన మాట కూడా అదే. ఆఫీసులో, ఊళ్లో ఎప్పుడూ రకూన్ అనే అను. ఇండియాకి వెళ్లినప్పుడు ఈ సరదా మాటెత్తకు, అక్కడ 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం ఉంది.

ఇక భైరవకి జరిగింది నీకు పూర్తిగా చెప్పలేదు. అయిదేళ్ల క్రితం అక్టోబరులో ఒక రకూన్ కొమ్మ జారి కింద పడింది, నేను పరిగెత్తేలోపే వాడి పెదవి కొరికింది. చిన్న గాయమే, కడిగి మందు రాశాం, మానిపోయింది. పది రోజుల తర్వాత నేను ఆఫీసు నుంచి వచ్చేసరికి గేటు దగ్గర వాడు మొరిగిన తీరు తేడాగా అనిపించింది. ఎప్పుడూ గుడిగంటలా మోగే గొంతు, ఆ రోజు పీలగా, పగిలిన వేణువులా ఉంది. అత్తయ్య జలుబేమో అంది. నాకు నిద్ర పట్టలేదు. మర్నాటికి వెనక కాళ్లు తడబడ్డాయి, మూడో రోజుకి నాలుగు కాళ్లూ పడిపోయాయి. మొదట చూపించిన చోట వెన్నుకి దెబ్బ తగిలిందన్నారు, పెద్దగా ఆశ పెట్టుకోవద్దన్నారు. రెండో చోట డాక్టరమ్మ గొంతు ఎప్పుడు మారిందని అడిగింది, రకూన్ కరిచిందా అని అడిగింది, కూన్‌హౌండ్ పెరాలసిస్, అంటే రకూన్ వేట కుక్కలకి వచ్చే పక్షవాతం, అని తేల్చింది. కరిచాక వారం రెండు వారాల్లో వస్తుందట, రకూన్ ఉమ్మి తగిలాక ఒంట్లోని రక్షణ శక్తే నరాల మీద తిరగబడుతుందట. దీనికి నేరుగా పనిచేసే మందు లేదు. ఊపిరి ఆడటం కష్టమైతే ఆసుపత్రిలో ఉంచాలి, లేకపోతే ఇంట్లో సేవే.

రెండు నెలలు వంటింట్లో పరుపు వేసి పడుకోబెట్టాం. పుండ్లు పడకుండా నాలుగు గంటలకోసారి పక్క మార్చేవాళ్లం, రాత్రుళ్లు అలారం పెట్టుకుని మరీ. తల ఎత్తి పట్టుకుని ముద్దలు పెట్టేది మీ అత్తయ్య. ఒళ్లంతా కదలకపోయినా, ఆవిడ కంచం చప్పుడు వినగానే తోక మాత్రం నేలకేసి టపటపా కొట్టేవాడు. ఆ తోక చూసే మేం ధైర్యం తెచ్చుకున్నాం. జనవరిలో లేచి నిలబడ్డాడు. ఒకసారి వచ్చినదానికి మళ్లీ రావచ్చన్నారు కాబట్టి వాణ్ణి ఇక రకూన్ నోటి దగ్గరికి పోనివ్వను. నీ పిల్లనీ కరిపించకు. పెనుగులాట చూడాలన్న సరదా కొందరికి ఉంటుంది, వాళ్లతో వెళ్లకు. లోతు నీళ్లలో అయితే రకూన్ కుక్క తల మీదెక్కి ముంచేయగలదు.

రేబీస్, డిస్టెంపర్, లెప్టో టీకాలు తేదీ తప్పకుండా వేయించు. చెట్ల మొదళ్లలో రకూన్లు ఒకేచోట పెంటికలు వేస్తాయి, అందులో ఉండే ఒక పురుగు గుడ్లు నోట్లోకి పోతే, వాటిలోంచి వచ్చే పిల్ల పురుగులు మనుషుల మెదడు దాకా పోతాయి. బూట్లు గుమ్మం బయటే విడిచి, చేతులు సబ్బుతో కడుక్కో. జీపీఎస్ కాలర్ కొనడానికి వెనకాడకు, హైవేకి దగ్గర్లో కుక్కని వదలకు. యూకేసీ, అంటే యునైటెడ్ కెన్నెల్ క్లబ్ వాళ్లు పెట్టే రాత్రి పోటీల మాట తర్వాత చూద్దాం. అక్కడ రకూన్‌ని కాల్చరు, పాయింట్లే. చీకట్లో నాలుగు కుక్కలు అరుస్తుంటే నీ కుక్క గొంతు గుర్తుపట్టి నువ్వే ముందు చెప్పాలి. తప్పు చెబితే పాయింట్లు పోతాయి.

మా అక్కకి, అదే మీ అమ్మకి, ఈ సంగతి నువ్వింకా చెప్పలేదట. ఈ ఆదివారమే చెప్పు, నేను వెంట ఉంటానని కూడా చెప్పు.

వచ్చే శనివారం చీకటి పడకముందే రా. మోకాళ్ల దాకా వచ్చే బూట్లు, ముళ్లకి చిరగని ప్యాంటు తెచ్చుకో, తినడానికి అత్తయ్య పులిహోర కడుతుంది. పిల్లని మాత్రం ఇంట్లో వదిలి రా. వాగు ఒడ్డున భైరవని వదులుతాను, వాడు చెట్టు పట్టాడో లేదో ఈసారి నువ్వే చెప్పాలి.

నీ మామయ్య