ప్రభుత్వం వెళ్లగొట్టిన యూనివర్సిటీలో చేరొచ్చా? నేను చదివిన సీఈయూ గురించి

సెంట్రల్ యూరోపియన్ యూనివర్సిటీ, అంటే సీఈయూ, వియన్నా క్యాంపస్‌లో మీకు మాస్టర్స్ సీటు వచ్చిందని రాశారు. హంగరీ ప్రభుత్వం వెళ్లగొట్టిన యూనివర్సిటీ కదా, రేపు వియన్నాలోనూ మూసేస్తే డిగ్రీ గతేమిటని మీ నాన్నగారు భయపడుతున్నారని కూడా రాశారు. నేను అక్కడే చదివాను. హంగరీ రాజధాని బుడాపెస్ట్‌లో, 2016-17 బ్యాచ్, రాజ్యాంగ న్యాయశాస్త్రంలో ఎల్‌ఎల్‌ఎం. గొడవ మొదలైంది సరిగ్గా మా ఏడాదే. నా మాట అడిగితే, చేరండి. కానీ అక్కడ ఏం జరిగిందో పూర్తిగా తెలుసుకుని చేరండి.

తూర్పు యూరప్‌లో కమ్యూనిస్టు ప్రభుత్వాలు కూలిపోయిన కొత్తలో, 1991లో, జార్జ్ సొరోస్ డబ్బుతో పెట్టిన ప్రైవేటు యూనివర్సిటీ ఇది. ఆయన బుడాపెస్ట్‌లో పుట్టి అమెరికాలో స్థిరపడిన మదుపరి. క్యాంపస్ నగరం నడిబొడ్డున నాడోర్ వీధిలో ఉండేది, పార్లమెంటుకు నడిచి వెళ్లిపోవచ్చు. ప్రోగ్రాములకు గుర్తింపు న్యూయార్క్ రాష్ట్రంది. హంగరీ గుర్తింపు కూడా ఉండేది కాబట్టి చాలామందికి రెండు దేశాల డిగ్రీ చేతికొచ్చేది. ఈ గొడవ నాటికి హంగరీ ప్రధానిగా ఉన్న విక్టర్ ఓర్బాన్ 1989లో ఆక్స్‌ఫర్డ్‌కు వెళ్లింది కూడా సొరోస్ ఫౌండేషన్ స్కాలర్‌షిప్ మీదే. 2015లో శరణార్థులు పెద్ద సంఖ్యలో వచ్చాక మాత్రం అదే సొరోస్‌ను దేశానికి శత్రువుగా చూపించడం ప్రభుత్వానికి రాజకీయంగా పనికొచ్చింది.

2017 మార్చి 28న ఉన్నత విద్యా చట్టానికి ఒక సవరణ బిల్లు పెట్టారు. ఏప్రిల్ 4న 123-38 ఓట్లతో పాసైపోయింది. మధ్యలో ఉన్నది ఒక్క వారం. ఆ వారం మా సెమినార్ ఒకటి నాకు ఇప్పటికీ కళ్లకు కట్టినట్టుంది. ఆ రోజు చదవాల్సిన తీర్పులు పక్కన పెట్టి, ప్రొఫెసర్ బిల్లు ఇంగ్లిష్ అనువాదం జిరాక్సులు అందరికీ పంచారు. ఒక్కో క్లాజు గట్టిగా చదివించి, 'ఇది ఎవరికి తగులుతుంది?' అని అడుగుతూ పోయారు. యూరోపియన్ ఆర్థిక ప్రాంతం (యూరోపియన్ యూనియన్ దేశాలు, ఇంకో మూడు దేశాలు) బయటి యూనివర్సిటీ హంగరీలో నడవాలంటే రెండు దేశాల ప్రభుత్వాల మధ్య ఒప్పందం ఉండాలన్నారు. సొంత దేశంలో కూడా పాఠాలు చెబుతూ ఉండాలన్నారు. సీఈయూ రిజిస్టరైంది న్యూయార్క్‌లో అయినా అక్కడ క్యాంపస్ లేదు. పైగా అమెరికాలో ఉన్నత విద్య గుర్తింపు రాష్ట్రాల చేతిలో ఉంటుంది, ఈ చట్టమేమో ఫెడరల్ ప్రభుత్వాన్నీ అందులోకి లాగింది. బిల్లులో ఎక్కడా సీఈయూ పేరు లేదు. క్లాసు అయిపోయేసరికి గదిలో అందరికీ విషయం అర్థమైపోయింది. జార్జియా నుంచి వచ్చిన క్లాస్‌మేట్ ఒకమ్మాయి మాత్రం, మా దేశంలో అయితే పోలీసులు వచ్చేవారు, ఇక్కడ ఫారాలు వచ్చాయి అంది.

మన తెలుగులో చెప్పాలంటే, పొమ్మనలేక పొగబెట్టారు. ఇది మీరు బాగా గుర్తుపెట్టుకోండి. నా ఏడాదంతా క్లాసులో ఫలానా విషయం మాట్లాడొద్దని ఎవరూ అనలేదు. ఏ పుస్తకాన్నీ లైబ్రరీలోంచి తీయలేదు. నొక్కింది పాఠాన్ని కాదు, పాఠం చెప్పే హక్కునిచ్చే లైసెన్సును. లైసెన్సు గాల్లో దీపమైతే వచ్చే ఏడాది ఏ విద్యార్థి ఫీజు కడతాడు, ఏ ప్రొఫెసర్ కుటుంబంతో సహా వచ్చి స్థిరపడతాడు? అప్పటికే చదువుతున్న మాకు డిగ్రీ పోదని రెక్టర్, అంటే యూనివర్సిటీ అధిపతి, మైకేల్ ఇగ్నాటియెఫ్ మొదటి రోజు నుంచీ చెబుతూనే ఉన్నారు, పోలేదు కూడా. అయినా థీసిస్ రాసే రోజుల్లో ఆ టెన్షన్ మామూలుది కాదు.

ఏప్రిల్ 9 ఆదివారం ఊరేగింపుకు నేనూ వెళ్లాను. విదేశీ విద్యార్థిని, వీసా మీద ఉన్నవాణ్ణి, కాబట్టి నినాదాలివ్వకుండా అంచున నడిచాను. పదుల వేల మంది వచ్చారు. 'స్వేచ్ఛాదేశం, స్వేచ్ఛా విశ్వవిద్యాలయం' అని హంగేరియన్‌లో అరుస్తూ పార్లమెంటు ముందున్న కొషూత్ స్క్వేర్ నింపేశారు. నా పక్కన నడిచినవాళ్లలో చాలామంది సీఈయూలో ఎప్పుడూ చదవనివాళ్లు, వేరే కాలేజీల టీచర్లు, పిల్లల్ని భుజాన ఎత్తుకున్న తల్లిదండ్రులు. మర్నాడే అధ్యక్షుడు యానోష్ ఆడెర్ సంతకం పెట్టేశారు.

ఆ తర్వాత యూనివర్సిటీ చట్టానికి లొంగే ప్రయత్నం కూడా చేసింది. న్యూయార్క్ రాష్ట్రంలోని బార్డ్ కాలేజీతో కలిసి అక్కడ బోధన మొదలుపెట్టింది. ఒప్పందానికి న్యూయార్క్ సిద్ధమన్నా హంగరీ సంతకం చేయలేదు. చట్టం షరతులు తీర్చడానికి ఇచ్చిన గడువును మాత్రం 2019 జనవరికి జరిపారు. 2018లో శరణార్థుల కోసం సీఈయూ నడిపే క్లాసులు ఆపాల్సి వచ్చింది, వలసదారులకు సాయం చేసే పనుల మీద 25 శాతం పన్ను వేశారు కాబట్టి. అదే ఏడాది అక్టోబరులో జెండర్ స్టడీస్ మాస్టర్స్‌కు దేశమంతటా గుర్తింపు తీసేశారు. చివరికి 2018 డిసెంబరు 3న, అమెరికన్ డిగ్రీ ఇచ్చే ప్రోగ్రాములు వియన్నాకు వెళ్తున్నాయని సీఈయూ ప్రకటించింది.

2020 అక్టోబరు 6న యూరోపియన్ యూనియన్ న్యాయస్థానం ఆ చట్టం తప్పని తేల్చింది. ప్రపంచ వాణిజ్య ఒప్పందాల్లో ఇచ్చిన మాటకు, యూరోపియన్ హక్కుల పత్రంలోని విద్యా స్వేచ్ఛకు కూడా అది విరుద్ధమంది. కేసు గెలిచారు. కానీ అప్పటికి యూనివర్సిటీ ఊరు మారి ఏడాది దాటింది. నాకు ఇప్పటికీ మింగుడుపడనిది ఇదే. న్యాయం దొరికేదాకా చదువు ఆగదు కదా. బుడాపెస్ట్‌లో ఇంట్లో ఉండి చదువుకోగలిగే హంగేరియన్ పిల్లలకు వియన్నా ఖర్చు వేరే లెక్క. నష్టపోయింది ముందు వాళ్లే, మనలాంటి విదేశీయులం కాదు.

ఇక మీ సంగతి. వియన్నాలో సీఈయూ ఆస్ట్రియా చట్టం కింద గుర్తింపు పొందిన ప్రైవేటు యూనివర్సిటీ. 2019 నుంచి ఫావొరిటెన్ అనే కార్మికుల పేటలో, క్వెలెన్ వీధిలో నడుస్తోంది. అమెరికా వైపు గుర్తింపూ ఉంది. నాన్నగారికి ఇది చెప్పండి, చాలావరకు కుదుటపడతారు. అయితే ఆఫర్ లెటర్ చూసి ఊరుకోకండి. మీ ప్రోగ్రాముకు ఏ దేశం డిగ్రీ ఇస్తారో, రెండూ ఇస్తారా ఒకటేనా, అడ్మిషన్స్ వాళ్లను అడిగి మెయిల్‌లో రాయించుకోండి. మీది ఏడాది మాస్టర్స్ అయి, తిరిగొచ్చి మన దగ్గర పీహెచ్‌డీ గానీ లెక్చరర్ పోస్టు గానీ అనుకుంటుంటే, ఇండియాలో దాన్ని ఇక్కడి మాస్టర్స్‌కు సమానంగా గుర్తిస్తారో లేదో ఫీజు కట్టకముందే తేల్చుకోండి. కొందరు ఇక్కడే ఇరుక్కుంటారు. అవకాశముంటే రెండేళ్ల ప్రోగ్రాము చూడండి.

ఇంకో మాట. బుడాపెస్ట్‌ను సీఈయూ పూర్తిగా వదిలేయలేదు. డెమోక్రసీ ఇన్‌స్టిట్యూట్ అక్కడే ఉంది, కమ్యూనిస్టు దేశాలకు ప్రసారాలు చేసిన అమెరికా నిధుల రేడియో, రేడియో ఫ్రీ యూరప్ పరిశోధన పత్రాలున్న ఓపెన్ సొసైటీ ఆర్కైవ్స్ కూడా అక్కడే. వియన్నా నుంచి రైల్లో మూడు గంటల లోపే. మీ సబ్జెక్టు చరిత్ర అయినా, రాజకీయాలైనా, మొదటి సెమిస్టర్‌లోనే ఒకసారి వెళ్లి రండి.