గోగుపూలు అంటే ఏంటి నాన్నా?

ఫ్లాట్‌లో పెరిగే పిల్లలకి చెట్లూ పూలూ వాన మీద పాటలు, పద్యాలు నేర్పితే ఇమాజినేషన్ ఏమైనా పెరుగుతుందా, లేక ఊరికే బట్టీయేనా అని అడిగారు కదా. థియరీ నాకు తెలీదండీ, మా ఇంట్లో జరిగింది చెప్తా.

మేముండేది హైదరాబాద్‌లో మూడో ఫ్లోర్‌లో. మా పాపకి అప్పుడు ఐదేళ్లు. రాత్రి అన్నం పెట్టేటప్పుడు మా అమ్మ దాన్ని బాల్కనీలో కూర్చోబెట్టుకుని చందమామ రావే జాబిల్లి రావే పాడేది. ఒకరోజు "కొండెక్కి రావే గోగుపూలు తేవే" దగ్గర పాప ముద్ద నోట్లో పెట్టుకునే "గోగుపూలు అంటే ఏంటి నాన్నా" అంది. నిజం చెప్పొద్దూ, నాకూ తెలీదు, నేనూ ఆ పాట వింటూనే పెరిగా కానీ ఏవో పూలులే అనుకున్నా అంతే. మా అమ్మ నవ్వేసి "గోంగూర పూలురా, గోగు కూరే గోంగూర అయింది, వారానికి రెండుసార్లు తింటావు, పువ్వు ఎప్పుడూ చూళ్ళేదా" అంది. పరువు పోయింది.

మర్నాడు మార్కెట్‌లో తెచ్చిన గోంగూర కట్టలో లావుగా ఉన్న కాడలు నాలుగు ఏరి పాప చేత కుండీలో గుచ్చించా. రెండు బతికాయి. అది జులై. ఇంక మొదలైంది గొడవ, మా ఆవిడేమో ఆకు కనపడితే పప్పులోకి కోసేస్తా అంటుంది, పాపేమో కుండీకి అడ్డంగా నిలబడి "కొయ్యొద్దు, అది చందమామకి" అంటుంది. ఆగస్టు అయిపోయింది, సెప్టెంబర్ అయిపోయింది, మొక్క పాప కంటే పొడుగైంది కానీ ఒక్క మొగ్గ లేదు. తర్వాత తెలిసిందేంటంటే గోగు మొక్క పగలు పొట్టి అయితేనే పూస్తుందట, మనం ఎన్ని నీళ్లు పోసినా లాభం లేదు. దసరా వెళ్లాక పూసింది. లేత పసుపు రంగు, ఐదు రేకులు, మధ్యలో నల్లగా కనపడేంత ముదురు ఎరుపు. నేను ఆఫీస్‌కి లేటయినా పర్లేదని అక్కడే నిలబడిపోయా.

సాయంత్రానికి పువ్వు ముడుచుకుపోయింది. పాప చాలాసేపు చూసి అడిగిన ప్రశ్న ఇది: "చందమామ వచ్చేది రాత్రి కదా, అప్పటికి పూలన్నీ ముడుచుకుపోతాయి కదా, మరి ఎలా కోసుకొస్తాడు?" నా దగ్గర జవాబు లేదు. తనే తేల్చుకుంది, మొగ్గలు కోసుకొస్తాడు, అవి పొద్దున మనింటికొచ్చి విచ్చుకుంటాయి అని. మీరడిగిన ఇమాజినేషన్ ఇదే అనుకుంటా. పాట లేకపోతే ఆ కుండీ ఉండేది కాదు, కుండీ లేకపోతే ఆ ప్రశ్న వచ్చేది కాదు. కలువ పూల మీద కూడా ఏదో పాట నేర్పాం, చెరువు దగ్గరికి తీసుకెళ్ళింది లేదు, వారంలో మర్చిపోయింది.

కొంచెం పెద్ద పిల్లలైతే వేరే రకంగా పనిచేస్తుంది. మా అక్క కొడుకు ఏడో క్లాస్‌లో ఉండగా కరుణశ్రీ పుష్పవిలాపం విన్నాడు, అదే ఘంటసాల గొంతులో ఉంటుందే, పూలు కోయడానికి వెళ్లినవాడితో పూలే మాట్లాడతాయి, అది. మర్నాటి నుంచి పూజకి పూలు కోసుకురమ్మంటే కోయను పొమ్మన్నాడు. అక్కకి ఒళ్లు మండింది, దేవుడికి కూడానా అని. చివరికి పారిజాతం దగ్గర రాజీ కుదిరింది, అవెలాగూ తెల్లారేసరికి వాటంతటవే రాలతాయి, కింద పడ్డవి ఏరి దేవుడికి పెట్టొచ్చని మనవాళ్ళే అంటారు. వాడు పొద్దున్నే చెట్టు కింద పాత చీర పరిచి ఏరడం మొదలెట్టాడు, ఏ పువ్వు తనంతట తను రాలుతుంది, ఏది కొమ్మ మీదే వాడిపోతుంది అని లిస్ట్ కూడా రాసుకున్నాడు, నందివర్ధనం దగ్గర చాలా రోజులు కాపు కాశాడు పాపం.

ఒక్కటి మాత్రం చెయ్యకండి, నేను చేశాను కాబట్టి చెప్తున్నా. గోగుపూలు పూశాయి కదా అని పాపని కుండీ పక్కన నిలబెట్టి, ఫ్యామిలీ గ్రూప్‌లో పెడదామని ఆ పాట పదిసార్లు పాడించా, ఫోన్ చూడు, గట్టిగా పాడు, చేతులు తిప్పు అని. ఏడ్చేసింది. నెల రోజులు ఆ పాట ఎత్తలేదు. భావం చెప్పు, అర్థం చెప్పు అన్నా అంతే. వాళ్ళు అడిగేదాకా ఆగండి, అడక్కపోతే కూడా ఏం కాదు.

ఈ ఏడాది "బండెక్కి రావే బంతిపూలు తేవే" కోసం బంతి నారు పోశాం. ఆ తర్వాతి లైన్ తేనెపట్టు, అది మాత్రం బాల్కనీలో నా వల్ల కాదని పాపకి ముందే చెప్పేశా.