ఒరిజినల్ కొన్నవారు ప్రింట్లు వేసి అమ్ముకోవచ్చా?

ప్రశ్న: మాది రాజమండ్రి. పదేళ్లుగా వాటర్ కలర్స్ వేస్తున్నాను. ఇన్‌స్టాగ్రామ్‌లో చూసి ప్రింట్లు ఉన్నాయా అని అడుగుతున్నారు, అందుకని ఈ ఏడాది నుంచి ఆన్‌లైన్‌లో అమ్మాలనుకుంటున్నాను. ఈలోగా ఒక చిక్కు వచ్చిపడింది. రెండేళ్ల క్రితం నా పాపికొండల లాంచీ బొమ్మను ఒకాయన 18 వేలకు కొన్నారు. ఇప్పుడు అదే బొమ్మ కాన్వాస్ ప్రింట్లుగా ఒక ఆన్‌లైన్ షాపులో 1,499 రూపాయలకు అమ్ముడవుతోంది. నా సంతకం ఉన్న అంచు కత్తిరించేశారు. ఆయనే ఇచ్చారట. ఫోన్ చేస్తే "డబ్బు పెట్టి కొన్నాను, నా బొమ్మ నా ఇష్టం" అన్నారు. నేనిచ్చిన రసీదులో "వాటర్ కలర్ ఒకటి, రూ. 18,000" అని తప్ప ఇంకేమీ లేదు. ఆయనే తర్వాత ఆర్డర్ ఇచ్చి, వాళ్ల ఊళ్లోని మండువా ఇంటిని, అరుగు మీద వాళ్లమ్మగారు కూర్చున్నట్టు వేయించుకున్నారు. ఆ బొమ్మ నా పేజీలో పెడితే చాలామంది ప్రింట్ కావాలంటున్నారు. దాన్ని నేను అమ్ముకోవచ్చా? పాపికొండల సంగతిలో ఏం చేయాలి?

జవాబు: ముందు మీ టెన్షన్ తగ్గించే మాట చెబుతానమ్మా. పాపికొండల బొమ్మ మీద కాపీరైట్ మీదే. ఆయన కొన్నది ఆ కాగితాన్ని, దాని మీది రంగుల్ని, దానికి కట్టిన ఫ్రేమును. హాల్లో తగిలించుకోవచ్చు, కూతురికి పెళ్లి కానుకగా ఇవ్వొచ్చు, రేపు ఇంకొకరికి అమ్ముకోవచ్చు. దానికి కాపీలు తీసే హక్కు మాత్రం ఆ 18 వేలలో లేదు. నవల కొన్నవాళ్లు దాన్ని మళ్లీ అచ్చు వేసి అమ్ముకోలేరు కదా, ఇదీ అంతే. కాపీరైట్ చట్టం, 1957లోని 17వ సెక్షన్ ప్రకారం మామూలుగా బొమ్మ వేసినవారే మొదటి హక్కుదారు. కాపీలు తీయడం, జనంలోకి వదలడం 14వ సెక్షన్ ఆ హక్కుదారుకే ఇచ్చింది. ఈ హక్కు చేతులు మారాలంటే 19వ సెక్షన్ ప్రకారం కాగితం మీద రాసి ఉండాలి, దాని కింద మీ సంతకం ఉండాలి. రసీదులో ఏమీ రాయలేదని మీరు బాధపడుతున్నారు గానీ, ఈ బొమ్మ విషయంలో ఆ మౌనం మీకే కలిసొచ్చింది.

"రిజిస్టర్ చేయించలేదు కదా" అని అవతలి పక్షం అనొచ్చు. కాపీరైట్ పుట్టేది బొమ్మ వేసిన క్షణంలోనే, దానికి రిజిస్ట్రేషన్ అక్కర్లేదు. అయితే రిజిస్టర్ చేయిస్తే ఆ వివరాలను కోర్టు ప్రాథమిక సాక్ష్యంగా తీసుకుంటుంది. మామూలు చిత్రానికి ఫీజు 500 రూపాయలు, దరఖాస్తు ఆన్‌లైన్‌లోనే. బాగా అమ్ముడయ్యే నాలుగైదు బొమ్మలకైనా చేయించి పెట్టుకోమంటాను.

సంతకం కత్తిరించడం విడిగా ఒక తప్పు. 57వ సెక్షన్ కళాకారుడికి రెండు హక్కులు ఇచ్చింది: ఇది నేను వేసిందే అని చెప్పుకునే హక్కు, తన గౌరవానికి భంగం కలిగేలా దాన్ని వికృతం చేస్తే అడ్డుకునే హక్కు. కాపీరైట్ మొత్తం అమ్మేసుకున్నా ఈ రెండూ కళాకారుడి దగ్గరే ఉంటాయి. శిల్పి అమర్‌నాథ్ సెహగల్ ఢిల్లీ విజ్ఞాన్ భవన్ కోసం చేసిన కంచు కుడ్యశిల్పాన్ని ప్రభుత్వం ఊడబీకి గోదాములో పడేసింది. డబ్బిచ్చి చేయించుకున్నది ప్రభుత్వమే. అయినా 2005లో ఢిల్లీ హైకోర్టు ఆ శిల్పాన్ని ఆయనకు తిరిగి ఇవ్వమని, 5 లక్షల నష్టపరిహారం కట్టమని తీర్పు చెప్పింది. "డబ్బు పెట్టి కొన్నాను, నా ఇష్టం" అనే మాటకు మన దగ్గర ఇంతకంటే గట్టి జవాబు లేదు.

మీరు పంపిన రెండు ఫొటోలూ పక్కపక్కన పెట్టి పెద్దవి చేసి చూశాను. లాంచీ పైకప్పుకు కుడివైపు, ఆకాశం రంగులో కుంచె వెంట్రుక ఒకటి ఇరుక్కుని అలాగే ఎండిపోయింది. ఆ షాపు కాన్వాస్ మీద కూడా సరిగ్గా అక్కడే అదే వెంట్రుక, అదే వంపు. పాపికొండలు ఎవరైనా వేయొచ్చు, లాంచీ ఎవరైనా వేయొచ్చు. ఆ వెంట్రుకను మాత్రం ఇంకొకరు వేయలేరు. దాన్ని లోపం అనుకుని మీ ఫైల్లో చెరిపేయకండి.

ఇక చేయాల్సినవి. అన్నిటికంటే ముందు, నోటీసు ఇవ్వకముందే, మీ ఇంట్లోవాళ్ల పేరు మీద ఆ షాపులో ఒక ప్రింట్ ఆర్డర్ పెట్టండి. నోటీసు అందిన మరుగంటలో లింకు మాయమవుతుంది, తర్వాత మనం చూపించడానికి ఏమీ ఉండదు. పార్సిల్ వచ్చాక కవరు, బిల్లు పారేయకండి, విప్పేటప్పుడు వీడియో తీయండి. పేజీ స్క్రీన్‌షాట్లలో వెబ్ అడ్రసు, తేదీ కనిపించాలి. ఇలాంటి ఎలక్ట్రానిక్ సాక్ష్యానికి భారతీయ సాక్ష్య అధినియమంలోని 63వ సెక్షన్ కింద సర్టిఫికెట్ జతచేయాలి, పాత చట్టంలో 65బి అనేవాళ్లం. కాబట్టి స్క్రీన్‌షాట్లు తీసిన ఫోన్‌ను మార్చేయకండి. బొమ్మ వేస్తున్నప్పుడు తీసిన ఫొటోలు, పెన్సిల్ స్కెచ్, ఇన్‌స్టాగ్రామ్‌లో మొదట పెట్టిన తేదీ, 18 వేలు జమ అయిన బ్యాంకు స్టేట్‌మెంట్ ఒక ఫైల్లో పెట్టండి.

తర్వాత ఆయనకు, షాపు నడిపేవారికి విడివిడిగా లాయర్ నోటీసు, అక్నాలెడ్జ్‌మెంట్ వచ్చేలా స్పీడ్ పోస్టులో. షాపువాళ్లకు నోటీసు వెళ్లడం చాలా అవసరం. "కాపీరైట్ ఉందని మాకు తెలియదు" అని వాళ్లు నిరూపించుకోగలిగితే 55వ సెక్షన్ ప్రకారం నష్టపరిహారం పడదు, అమ్మకం ఆపడం, వచ్చిన లాభంలో కోర్టు చెప్పినంత కట్టడం వరకే. నోటీసు చేతికి అందాక ఆ మాట చెల్లదు. షాపు పెద్ద వెబ్‌సైట్ మీద నడుస్తుంటే ఆ సైట్ వాళ్లకూ రాతపూర్వకంగా ఫిర్యాదు పెట్టండి. కాపీరైట్ రూల్స్, 2013లో 75వ రూలు 36 గంటల గడువు పెట్టింది, సైట్ వాళ్లు ఆలోపు ఆ పేజీని ఆపాలి. కానీ 21 రోజుల్లోగా మీరు కోర్టు ఉత్తర్వు తెచ్చి చూపించకపోతే మళ్లీ తెరుచుకోవచ్చు. అందుకే ఫిర్యాదు పెట్టే రోజుకే దావా కాగితాలు సిద్ధంగా ఉంచుకోవాలి.

షాపు ఏ ఊళ్లో ఉన్నా 62వ సెక్షన్ ప్రకారం మీరు ఉండే చోటే, అంటే రాజమండ్రి జిల్లా కోర్టులోనే దావా వేయొచ్చు. నష్టపరిహారానికి ఒక్కో కాపీ అమ్మిన రోజు నుంచి మూడేళ్లే గడువు. కాపీరైట్ చట్టంలోని 63వ సెక్షన్ కింద క్రిమినల్ కేసు కూడా ఉంది, తెలిసి చేసినట్టు రుజువైతే ఆరు నెలల నుంచి మూడేళ్ల దాకా జైలు. ఇది పోలీసులు నేరుగా నమోదు చేయదగ్గ నేరమేనని 2022లో సుప్రీంకోర్టు తేల్చింది. అయినా మొదటి అడుగే స్టేషన్ వైపు వేయొద్దని నా సలహా. ఎందుకో చెప్పాలంటే మీ రెండో ప్రశ్నకు రావాలి.

మండువా ఇంటి బొమ్మ. ఇక్కడ మీకు కష్టమైన మాటే చెప్పాలి. చాలామంది చిత్రకారులకు ఈ సంగతి తెలియదు, తెలిసేసరికి ఆలస్యమైపోతుంది. అదే 17వ సెక్షన్‌లో ఒక మినహాయింపు ఉంది. ఎవరైనా డబ్బిచ్చి, తమ కోరిక మీద వేయించుకున్న చిత్రానికి, వేరే ఒప్పందం లేకపోతే, మొదటి హక్కుదారు వేయించుకున్నవారే. ఫొటోలకూ అంతే. అంటే పాపికొండలు మీరంతట మీరు వేసి అమ్మారు కాబట్టి హక్కు మీది. మండువా ఇల్లు ఆయన అడిగి, డబ్బిచ్చి వేయించుకున్నారు కాబట్టి హక్కు ఆయనది. మొదటి బొమ్మ దగ్గర మీకు కలిసొచ్చిన మౌనమే ఇక్కడ ఎదురు తిరిగింది.

కాబట్టి ఆ బొమ్మ ప్రింట్లు అమ్మకండి. ఆయన అనుమతి రాతలో వచ్చేదాకా పేజీలోంచీ తీసేయండి. చట్టం సంగతి అటుంచినా, అరుగు మీద కూర్చున్నది వాళ్లమ్మగారు. ఆవిడ ముఖం ముక్కూ మొహం తెలియనివాళ్ల గోడల మీదికి వెళ్లాలా వద్దా అన్నది ఆ ఇంటివాళ్లు తేల్చుకోవాల్సిన విషయం. అది మీరు వేసిందే అని చెప్పుకునే హక్కు మాత్రం మీదే. నోటీసులో ఈ బొమ్మ ఊసు ఎత్తకండి. లేని హక్కు ఉందని బెదిరిస్తే 60వ సెక్షన్ కింద ఆయనే మీ మీద దావా వేయగలరు.

ఇక ముందు ఆర్డర్ మీద బొమ్మ వేసే ప్రతిసారీ, అడ్వాన్సు తీసుకునే ముందే ఒక చిన్న కాగితం రాయించుకోండి: "ఈ చిత్రంపై కాపీరైట్, ప్రింట్లు తీసే హక్కు చిత్రకారిణికే ఉంటాయి. కొనుగోలుదారు ఒరిజినల్‌ను ఇంట్లో ఉంచుకోవచ్చు, అమ్ముకోవచ్చు, కాపీలు తీయకూడదు." ఇద్దరి సంతకాలు, తేదీ. ఒరిజినళ్లు అమ్మేటప్పుడూ బిల్లు మీద ఇదే వాక్యం అచ్చు వేయించండి. బేరం కుదిరిన సంతోషంలో కాగితం అడగడానికి మొహమాటపడతారు. ఆ మొహమాటం ఖరీదు ఎంతో మీరిప్పుడు చూస్తున్నారు.

ప్రింట్ల వ్యాపారం గురించి ముఖ్యమైనవి చెబుతాను. పేజీలో పెట్టే ఫొటో చిన్న సైజులోనే ఉండాలి, ప్రింటుకు పనికొచ్చే పెద్ద స్కాన్ మీ హార్డ్‌డిస్క్ దాటకూడదు. సంతకం అంచున కాకుండా బొమ్మ లోపలికి, నీళ్లలోనో రాళ్లలోనో కలిసిపోయేలా పెట్టండి. ప్రింట్ వేసి పంపే కంపెనీలతో ఒప్పందం చేసుకునేటప్పుడు "అసైన్" అనే మాట ఉందేమో వెతకండి. ఉంటే హక్కే వాళ్లకు రాసిచ్చినట్టు. ఎంతకాలమో రాయకపోతే చట్టం దాన్ని ఐదేళ్లుగా లెక్కవేస్తుంది. మీకు కావాల్సింది లైసెన్సు, అంటే హక్కు మీ దగ్గరే ఉంచుకుని వాడుకోవడానికి ఇచ్చే అనుమతి, అదీ వాళ్లొక్కరికే కట్టిపడేయనిది. "50 కాపీలే" అని నంబరు వేసి అమ్మితే 51వది వేయకండి, అది కొన్నవారిని మోసం చేయడమే, వినియోగదారుల కమిషన్ దాకా వెళ్తుంది. రీల్స్‌లో సినిమా పాట పెట్టి ప్రింట్లు అమ్మడం కూడా వద్దు, ఆ పాట మీద ఇంకొకరికి మీలాంటి హక్కే ఉంది.

జీఎస్టీకి మీ సీఏను కలవండి. ఆంధ్రలో సరుకులకు 40 లక్షల టర్నోవర్ దాకా రిజిస్ట్రేషన్ అక్కర్లేదు, తెలంగాణలో ఆ పరిమితి 20 లక్షలే. కానీ హైదరాబాద్‌కో బెంగళూరుకో ప్రింట్ పంపిన రోజున, అంటే రాష్ట్రం దాటి అమ్మిన రోజున, ఈ పరిమితి మీకు అక్కరకు రాదు. చేత్తో వేసిన ఒరిజినళ్లకు హస్తకళల కింద కొంత సడలింపు ఉంది, ప్రింటర్లోంచి వచ్చిన కాపీకి దాన్ని నమ్ముకోకండి.

మీరు ఉత్తరం చివర బాపు గారి, వడ్డాది పాపయ్య గారి బొమ్మలు చూసి వేసినవి అమ్మొచ్చా అని కూడా అడిగారు. శైలి ఎవరి సొత్తూ కాదు, బొమ్మ సొత్తే. కాపీరైట్ కళాకారుడు పోయిన తర్వాతి ఏడాది నుంచి 60 ఏళ్లు ఉంటుంది. పాపయ్య గారు 1992లో పోయారు, బాపు గారు 2014లో. వాళ్ల బొమ్మను చూసి దించినది ఇంట్లో సాధనకు సరే, అమ్మకానికి వద్దు. 1925లో పోయిన మీ ఊరి దామెర్ల రామారావు గారి చిత్రాల మీద ఆ గడువు ఎప్పుడో తీరిపోయింది.

మళ్లీ మీ కేసుకు. 3 లక్షలు, ఆపైన విలువ కడితే ఇది కమర్షియల్ కోర్టు దావా అవుతుంది. అత్యవసరంగా స్టే అడగకపోతే ముందు మధ్యవర్తిత్వానికి వెళ్లాల్సిందే, జిల్లా న్యాయసేవాధికార సంస్థ దగ్గరే జరుగుతుంది. నేనైతే దాన్ని అడ్డంకి అనుకోను. ఆయన దగ్గర మీకు కావాల్సింది ఒకటి ఉంది, మీ దగ్గర ఆయన తప్పు ఉంది. పాపికొండల ప్రింట్లు ఆపాలి, ఇప్పటిదాకా అమ్మిన వాటి లెక్క చూపించి డబ్బు కట్టాలి, మిగిలిన కాపీలు మీకు అప్పగించాలి. ఇవి మీరు గట్టిగా అడగండి. వీటితోపాటు, వాళ్లమ్మగారు కూర్చున్న అరుగు లేకుండా ఆ మండువా ఇంటిని మళ్లీ వేసి ప్రింట్లు అమ్ముకోవడానికి ఆయన సంతకంతో అనుమతి అడిగి చూడండి. పోలీసు కేసు పెట్టాక అలాంటి సంతకం దొరకదు. ఈ వారంలోనే ఆ కాన్వాస్ ఆర్డర్ పెట్టండి, పార్సిల్ రాగానే ఫైలు పట్టుకుని దగ్గర్లోని లాయరును కలవండి.